ఎడమ కాలితో ఆడించిన పంతులు: సయ్యద్ అబ్దుల్ రహీం

స్వర్ణోత్సవ సంచికకు నచ్చిన ఉపాధ్యాయుడి గురించి రాయమని మన సంఘం నుంచి ఫోన్ వచ్చింది. మనకు చదువు చెప్పిన సార్ల గురించి మిగతా మిత్రులు నాకంటే బాగా రాస్తారు. నేను రాసేది మన బడిలో ఎన్నడూ పాఠం చెప్పని, నేను పుట్టకముందే కన్నుమూసిన ఒక పంతులు గురించి. అయినా ఆయన పాఠం ఒకటి మన గ్రౌండులో మనకు అందింది. ఎలాగో చెబుతాను.

మా బ్యాచ్ వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఏడో తరగతిలో మన పీటీ సారు అప్పుడప్పుడు ఒక విచిత్రమైన ఆట ఆడించేవారు. బంతిని ఎడమ కాలితోనే తన్నాలి. కుడి కాలు తగిలితే బంతి అవతలి జట్టుకు. గాలిలో కాలు ఊపి వెల్లకిలా పడేవాళ్లం, పడినవాణ్ని చూసి నవ్వేవాళ్లం. ఇంకో వారం బంతిని ఒక్కడే ఉరికించుకుపోవడానికి వీల్లేదు, అందగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. లెక్కల సారు పీరియడ్ లాక్కోని రోజుల్లోనే ఇదంతా. ఇది మా సారు సొంత సరదా అనుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత, సైట్ల మీద ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు హైదరాబాద్ పాత ఫుట్‌బాల్ గురించి చదువుతుంటే తెలిసింది, 1950ల్లో ఈ ఊరి పిల్లలకు సరిగ్గా ఇలాంటి నియమాలతోనే పోటీలు పెట్టేవారని. బలహీనమైన కాలితోనే ఆడాల్సిన టోర్నమెంటు, డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నమెంటు. వాటిని పెట్టించిన మనిషి రహీం సాబ్. మన పీటీ సారుకు ఆ ఆటలు అక్కడి నుంచే వచ్చి ఉండాలని నా నమ్మకం. అడిగి తెలుసుకుందామంటే సారు ఇప్పుడు లేరు.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుతూ ఆ జట్టుకు ఆడారు. చదువయ్యాక బడిపంతులయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూం హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ ఆయన పనిచేసిన బడులు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణా ఆయన చేతికే వచ్చింది.

సిటీ పోలీస్ ఈనాటి ప్రొఫెషనల్ క్లబ్బుల్లాంటిది కాదు. ఆటగాళ్లకు ఆధారం పోలీసు కొలువే. బస్తీల్లో, మైదానాల్లో చెప్పుల్లేకుండా ఆడి పెరిగిన కుర్రాళ్లు చాలామంది. ఎదురుగా కలకత్తా మహా క్లబ్బులు, దిట్టమైన సైనిక జట్లు. పైగా కాలం చూడండి. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది. ఊరు ఇంకా ఆ కుదుపు నుంచి తేరుకోలేదు. సరిగ్గా రెండేళ్లకు, 1950లో, ఈ జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు తెచ్చింది. అదే ఏడాది డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌నూ ఓడించింది.

రోవర్స్ కప్పు గురించి ఈ తరానికి కాస్త చెప్పాలి. 1891లో బొంబాయిలో మొదలైన నాకౌట్ పోటీ అది. డ్యూరాండ్ దానికంటే మూడేళ్లు పెద్దది. మొదట్లో ఇవి బ్రిటిష్ సైనిక దళాల కోసం పెట్టిన పోటీలు. లీగులో ఒక మ్యాచ్ ఓడినా వచ్చే వారం సరిదిద్దుకోవచ్చు. నాకౌట్‌లో ఆ సౌకర్యం లేదు. ఒక చెడ్డ మధ్యాహ్నం చాలు, పెట్టె సర్దుకుని రైలెక్కడమే. అలాంటి పోటీని సిటీ పోలీస్ 1950, 1951, 1952, 1953, 1954 వరసగా ఐదేళ్లు గెలిచింది. ఇంజనీరుగా నాకు ఆ అంకె కంటే దాని అర్థం ముఖ్యం. ఐదేళ్లపాటు ఆ కప్పులో వాళ్లను ఇంటికి పంపగలిగిన జట్టు ఒక్కటీ లేదు. అదృష్టం ఒక ఏడాది వస్తుంది, రెండేళ్లు వస్తుంది. ఐదేళ్లు వచ్చేది పద్ధతి మాత్రమే. ఆ కప్పు 2000 దాటాక ఆగిపోయింది, అప్పటిదాకా ఇంకే జట్టూ ఐదు వరసగా గెలవలేదు.

ఆ పద్ధతి పంతులుగారి పద్ధతి. మనవాళ్లు ఒడ్డూ పొడుగులో సైనిక జట్లకు సరితూగరు. గుద్దుకుని గెలవలేరు. కాబట్టి బంతి ఎవరి దగ్గరా ఆగకూడదు, పొట్టి పాస్‌లతో నేల మీదే పరిగెత్తాలి, మనిషి కంటే బంతి వేగంగా పోవాలి. అందుకు రెండు కాళ్లూ సమానంగా పనిచేయాలి. కుడి కాలివాటం ఆటగాడు బంతిని కుడికి సర్దుకునే క్షణంలో ప్రత్యర్థి మీద పడతాడు. ఎడమ కాలూ వస్తే ఆ క్షణం మిగులుతుంది. పిల్లలకు ఎడమ కాలి పోటీ పెట్టడం వెనక ఉన్న లెక్క ఇదే. దాన్ని వాళ్లకు ఉపన్యాసంగా చెప్పకుండా ఆటగా పెట్టడమే నాకు అన్నిటికంటే నచ్చింది. నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్ లాంటివాళ్లు ఆ జట్టులోంచే ఒలింపిక్స్ దాకా వెళ్లారు.

ఈలోగా భారత జట్టు బాధ్యతా ఆయనకు వచ్చింది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచారు. ఆ మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడారు. మనవాళ్లలో చాలామంది ఆ చలిలో బూట్లు లేకుండా ఆడారు. ఆ తర్వాత మన దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. చాలామంది ఈ ఓటమిని దాటవేసి మెల్‌బోర్న్‌కు వెళ్లిపోతారు. నాకు మాత్రం రహీం జీవితంలో ఇదే గట్టి పరీక్ష అనిపిస్తుంది. దేశమంతా చూసిన పది గోళ్లు అవి. తిరిగొచ్చి, తల దించుకుని, మళ్లీ మొదటి నుంచి పాఠం మొదలుపెట్టాలి. మొదలుపెట్టారు. నాలుగేళ్లకు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి భారత్ సెమీఫైనల్ చేరింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్లో మళ్లీ యుగోస్లావియానే ఎదురైంది, 4-1తో ఓడారు. చివరికి నాలుగో స్థానం. పది గోళ్లు నాలుగయ్యాయి, మన వైపు మాత్రం అదే ఒకటి. ఆ జట్టులో హైదరాబాద్ వాళ్లు చాలామందే. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన బలరాం వాళ్లలో కుర్రవాడు. 1960 రోమ్‌లో హంగరీ చేతిలో 2-1తో మాత్రమే ఓడి, ఫ్రాన్స్‌తో 1-1తో నిలిచారు. ముందుకు మాత్రం పోలేకపోయారు.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే రహీంకు ఊపిరితిత్తుల క్యాన్సర్. సిగరెట్ ఆయన విడవని అలవాటు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. థాయ్‌లాండ్ మీద గెలిచారు గానీ డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ తంగరాజ్, మన హైదరాబాద్‌లో పుట్టినవాడే, జ్వరంతో పడుకున్నాడు. ఇది చాలదన్నట్టు ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వకపోవడాన్ని భారత ఒలింపిక్ ప్రతినిధి సోంధి తప్పుపట్టడంతో జకార్తా జనం మన మీద మండిపడ్డారు. మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. ఫైనల్ నాడు స్టేడియంలో లక్షమంది, దాదాపు అందరూ మనకు వ్యతిరేకం.

అప్పుడు రహీం చేసింది చూడండి. తలకు కుట్లున్నవాడు వెనక నిలబడి తలతో బంతుల్ని అడ్డుకోవడం ప్రమాదం. అలాగని అంతటి ఆటగాణ్ని కూర్చోబెట్టనూ లేరు. జర్నైల్‌ను సెమీఫైనల్లో, ఫైనల్లో ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీఫైనల్లో వియత్నాం మీద 3-2తో గెలిచినప్పుడు అతను గోల్ కొట్టాడు. ఫైనల్‌కు తంగరాజ్‌ను తిరిగి దించారు. సెప్టెంబరు 4న, మొదట ఓడించిన అదే కొరియా మీద, తొలి ఇరవై నిమిషాల్లోనే పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. చివరికి 2-1. ఆ జట్టులో బలరాం, యూసుఫ్ ఖాన్ కూడా ఉన్నారు. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ బంగారం మనకు రాలేదు.

2024లో అజయ్ దేవగణ్ వేసిన మైదాన్ సినిమా వచ్చాక చాలామందికి ఈ కథ తెలిసింది. మంచిదే. కానీ అందులో ఉన్నది భారత జట్టు కథ. సిటీ పోలీస్ కథ, ఆ ఐదు రోవర్స్ కప్పుల కథ ఎవరైనా తీస్తే మొదటి రోజు టికెట్ కొంటాను.

జకార్తా నుంచి వచ్చాక ఆయన ఏడాది కూడా బతకలేదు. 1963 జూన్ 11న కన్నుమూశారు. యాభై మూడేళ్లు. ఇది రాస్తున్న నా వయసు కూడా దాదాపు అంతే.

ఆంధ్ర పోలీస్‌గా పేరు మారిన ఆయన జట్టు ఆ ఏడాది కూడా రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన బతికుండగా ఆ జట్టు డ్యూరాండ్ నాలుగుసార్లు, సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956-57, 1957-58లో వరసగా రెండుసార్లు గెలిచాయి. తర్వాత మెల్లగా అన్నీ జారిపోయాయి. దీనికి పెద్దలు చాలా కారణాలు చెబుతారు. నా ఉద్యోగ భాషలో చెప్పాలంటే, కట్టడం మొత్తం ఒకే స్తంభం మీద నిలిచింది. ఆ తప్పు రహీందని నేను అనను. పక్కన రెండో స్తంభం కోసమే ఆయన పిల్లల టోర్నమెంట్లు పెట్టారు, కొలతలన్నీ గీసి ఇచ్చారు. కట్టాల్సినవాళ్లం కట్టలేదు. ఆయన కుమారుడు హకీం రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు, తర్వాత అంతర్జాతీయ రిఫరీ అయ్యారు. బలరాం 2023లో బెంగాల్లో చనిపోయారు. ఆ తరంలో మిగిలింది ఇక బహు కొద్దిమంది.

స్వర్ణోత్సవాల్లో పాత విద్యార్థుల ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందని విన్నాను. మోకాళ్లు సహకరించినంతసేపు నేనూ దిగుతాను. మొదటి పది నిమిషాలు ఎడమ కాలితోనే ఆడదామని సంఘానికి ఇప్పటికే చెప్పాను. పడినవాళ్లను చూసి నవ్వడానికి మా బ్యాచ్ అంతా వస్తోంది.