ఎమ్డెన్ నౌకాధిపతి కార్ల్ ఫాన్ ముల్లర్

చెన్నపట్టణంలో పెరిగిన వారికి ఎమ్డెన్ అన్న మాట కొత్త కాదు. మహా గడుసరిని, ఎంతకైనా తెగించేవానిని పాతతరం తమిళులు ఆ పేరుతోనే వ్యవహరిస్తారు. అది ఒక జర్మన్ యుద్ధనౌక పేరనీ, దానిని నడిపినవారు కార్ల్ ఫాన్ ముల్లర్ అనీ ఎరిగినవారు మాత్రం తక్కువ. ఆ నౌక ఫిరంగిగుండు పడిన గుర్తుగా హైకోర్టు ప్రాకారం వద్ద ఒక శిలాఫలకం ఉంది.

ముల్లర్ 1873 జూన్ 16న హానోవర్ నగరంలో ఒక సైనికాధికారి ఇంట జన్మించారు. 1891లో నౌకాదళంలో చేరారు. తూర్పు ఆఫ్రికా తీరంలో సోకిన మలేరియా ఆయనను జీవితాంతం విడువలేదు. స్వభావం చేత మితభాషి. 1913లో ఎమ్డెన్ ఆధిపత్యం ఆయనకు లభించింది. చైనా తీరంలోని జర్మన్ స్థావరమైన చింగ్‌టావ్ దాని నెలవు. 10.5 సెంటీమీటర్ల ఫిరంగులు పదింటితో, గంటకు సుమారు 43 కిలోమీటర్ల వేగంతో సాగే చిన్న క్రూయిజర్ అది.

1914లో మొదటి ప్రపంచ సంగ్రామం మొదలైంది. జర్మన్ ప్రాచ్య నౌకాదళం దక్షిణ అమెరికా వైపు తరలడానికి సిద్ధపడింది. పసిఫిక్‌లోని పాగాన్ దీవి వద్ద జరిగిన సమాలోచనలో, ఒక్క నౌకనైనా హిందూ మహాసముద్రంలోకి పంపాలని ముల్లర్ సూచించగా, సేనాని ఫాన్ ష్పే అంగీకరించారు. నాటి నౌకలకు బొగ్గే ప్రాణం. శత్రువుల రేవులే తప్ప మరేమీ లేని సముద్రంలో పెద్ద దళానికి బొగ్గు దొరకదు. ఒంటరి నౌక అయితే పట్టుకున్న ఓడల బొగ్గుతోనే బ్రతుకగలదు. ఎమ్డెన్‌కు గల పొగగొట్టాలు మూడు. నాలుగవదానిని కృత్రిమంగా అమర్చి, దానిని ఆంగ్ల నౌకగా భ్రమింపజేశారు. నిజానికి దాని ఫిరంగుల కన్న, అది ఎక్కడున్నదో తెలియకపోవడమే ఎక్కువ నష్టం చేసింది. వర్తక నౌకలు రేవులు దాటడానికి జంకాయి. బీమా రుసుములు పెరిగాయి.

1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ మన రేవు ముందుకు వచ్చి నిలిచింది. యుద్ధం నడుస్తున్నా నగరదీపాలు వెలుగుతూనే ఉన్నాయి. తొమ్మిదిన్నర ప్రాంతంలో సెర్చిలైట్లు వేసి, బర్మా ఆయిల్ కంపెనీ చమురు తొట్లపై గుళ్ళు కురిపించింది. సుమారు 130 గుళ్ళు! రెండు తొట్లు అంటుకుని దాదాపు మూడున్నర లక్షల గ్యాలన్ల చమురు కాలిపోయింది. తీరంలోని ఫిరంగులు తేరుకునే సరికే నౌక చీకటిలో కలిసిపోయింది. మరునాటి నుండి జనం మూటాముల్లెతో పట్నం విడిచి పారిపోయారు. చెంపకరామన్ పిళ్ళై ఆ నౌకలో ఉన్నారన్న కథ నేటికీ వినవస్తుంది గాని దానికి ఆధారం లేదు.

పౌరులకు హాని చేయరాదన్నది ముల్లర్ నియమం. ఓడను ముంచే ముందు అందులోని వారందరినీ దింపించేవారు. కాబింగా అనే ఓడలో దాని కెప్టెన్ భార్యాబిడ్డలు ఉన్నారని తెలిసి ఆ ఓడనే విడిచిపెట్టారు. ఆంగ్ల పత్రికలు సైతం ఆయనను మెచ్చుకొన్నాయి. అయినా మన రేవులో ఆ రాత్రి ఐదుగురి వరకు మరణించారన్నది కూడా అంతే నిజం. ముల్లర్ మర్యాదను స్మరించేవారు ఆ పేరెరుగని మృతులను మరువరాదు.

అక్టోబరు 28 తెల్లవారుజామున పెనాంగ్ రేవులోనే ఒక రష్యన్ క్రూయిజర్‌ను, వెలుపల ఒక ఫ్రెంచి డిస్ట్రాయర్‌ను ముంచారు. నీటిలో కొట్టుకుపోతున్న ఫ్రెంచి నావికులను మాత్రం తన నౌకపైకి చేర్చుకొని, ఎదురైన ఆంగ్ల ఓడలో పంపివేశారు.

నవంబరు 9న కోకోస్ దీవిలోని తంతి కేంద్రాన్ని ధ్వంసం చేయడానికి సుమారు 50 మందిని ఒడ్డుకు పంపారు. ఆ కేంద్రం వారు చివరిక్షణంలో పంపిన వైర్‌లెస్ వార్త సమీపంలో ప్రయాణిస్తున్న ఆస్ట్రేలియా సైనిక నౌకాశ్రేణికి అందింది. దాని రక్షణలో ఉన్న సిడ్నీ అనే క్రూయిజర్ వెంటనే వచ్చింది. ఫిరంగులలోను, వేగంలోను అది మిన్న. తొలి గుళ్ళు ఎమ్డెన్‌వే తగిలినా పోరు రెండు గంటలైనా సాగలేదు. మునిగిపోనున్న నౌకను ముల్లర్ పగడపు దిబ్బపైకి ఎక్కించారు. 130 మందికి పైగా మరణించారు.

బందీగా మాల్టాకు, 1916లో ఇంగ్లండుకు ఆయనను తరలించారు. 1917లో సొరంగం త్రవ్వి సహచరులతో తప్పించుకొని మళ్ళీ పట్టుబడ్డారు. మలేరియా ముదరగా 1918లో హాలండుకు పంపబడి, ఆ ఏడే స్వదేశం చేరారు. ఎమ్డెన్ గాథను గ్రంథంగా వ్రాయమని ఎందరడిగినా, తోడివారి రక్తంతో ధనం గడించినట్లవుతుందని నిరాకరించారు. 1923 మార్చి 11న, 49వ ఏట మరణించారు.