ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు

జీతములేని యువకుల దళమును నడుపుట సులభమని తలంచువారు చీరాల చరిత్రమును జూడవలెను. ఆ యూరు మన నెల్లూరు తీరమునకు ఉత్తరముగా, అదే సముద్రతీరమున నున్నది.

గోపాలకృష్ణయ్యగారు 1889 జూన్ 2వ తేదీన పెనుగంచిప్రోలున జన్మించిరి. బాల్యముననే తలిదండ్రులను గోల్పోయిరి. ఎడింబరోలో ఎం.ఏ. పట్టమంది వచ్చి, బందరు జాతీయకళాశాలలో కొంతకాలము బోధించి, ఆ పని విడిచి చీరాల చేరిరి.

అచ్చట వారు కూర్చిన సేవాదళమే రామదండు. ఈ దండునకు కాషాయవస్త్రములు, రుద్రాక్షమాలలు! చూచువారికి వేడుకయే, క్రమశిక్షణ మాత్రము వేడుక కాదు. 1921లో బెజవాడ కాంగ్రెసు సభలకు వచ్చిన మహాజనసమూహమును ఆ యువకులే అదుపున నుంచిరి.

ఆ యేటనే పురపాలకసంఘపు పన్నుల భారమునకు ఒప్పక, చీరాల పేరాల ప్రజలు వేలకొలది ఇండ్లు విడిచి పొలిమేరకావల రామనగరున పాకలు వేసికొనిరి. సుమారు పదునొకండు మాసములు ఎండవానల కోర్చిరి. అంతమందికి ధైర్యము చెప్పు భారము, ధనము సమకూర్చు భారము నాయకునిపైననే పడెను. బరంపురమున నిషేధాజ్ఞను ధిక్కరించినందుకు ఆయనకు ఒక సంవత్సరము చెరసాల ప్రాప్తించెను. ఆయన స్థానమున నిలువదగినవాడు దండులో లేకపోయెను. ఇది ఆయన కార్యములో పెద్దలోపమని మాకు తోచుచున్నది. జనులు క్రమముగా తమ యిండ్లకు మరలిరి.

విడుదలయైన పిదప దేశసేవ మానలేదు గాని, లేమియు క్షయవ్యాధియు వెంటనంటెను. 1928 జూన్ 10వ తేదీన, నలువదియేండ్లైనను నిండకుండ, గతించిరి.