కార్మికుల గిరి

పోటీ పరీక్షలకు సిద్ధపడు విద్యార్థిని అడిగినచో వరాహగిరి వేంకటగిరి భారతదేశపు నాలుగవ రాష్ట్రపతి యని తడుముకొనక చెప్పును. సమాధానము సరియైనదే. కాని ఎనుబదియైదేండ్ల జీవితములో ఆయన ఆ పదవి నధిష్ఠించినది ఐదేండ్లు మాత్రమే. అంతకు నలువది యేండ్లకు పూర్వమే రైల్వే కలాసీలను, ఫిట్టర్లను, గుమాస్తాలను ఒక్క సంఘముగా కూడగట్టిన గిరి యొకడు కలడు. ఆ గిరిని గూర్చి మన తరగతి గదులలో వినవచ్చునది తక్కువ.

ఆయన 1894 ఆగస్టు 10వ తేదీన బరంపురములో జన్మించెను. అప్పుడది మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాకు చెందిన పట్టణము, నేడు ఒడిశాలోనిది. తండ్రి జోగయ్య పంతులు పేరుగాంచిన న్యాయవాది. తల్లి సుభద్రమ్మ జాతీయోద్యమమున పాల్గొనిన ధైర్యశాలిని. కుమారుడును ప్లీడరు కావలెనని ఇంటివారి కోరిక. ఆ కాలపు కలవారి బిడ్డలు న్యాయశాస్త్రమునకై సాధారణముగా లండనుకు పోయెడివారు. గిరి మాత్రము 1913లో ఐర్లండు ముఖ్యపట్టణమగు డబ్లినునకు వెడలెను. ఈ చిన్న భేదమే ఆయన జీవితమును మలుపు త్రిప్పినది.

ఆ యేడే డబ్లినులో ఒక మహాసంగ్రామము జరిగెను. ట్రాము బండ్లు నడుపువారు, ఓడరేవు కూలీలు మున్నగువారిని లార్కిన్, కొనోలీ అను నాయకులు సంఘటితము చేయగా, యజమానులందరు ఏకమై, సంఘమును విడనాడెదమని వ్రాసి యిచ్చినవారికే పని యిత్తుమని తలుపులు మూసిరి. సుమారు 20 వేలమంది పనివారు వీధిపాలైరి. నెలల తరబడి నిలిచి, తుదకు 1914 ఆరంభమున ఆకలికి తాళలేక పనిలోనికి మరలిరి. ఓటమియే, కాని సంఘము చావలేదు. 1916 ఈస్టరు నాటి తిరుగుబాటులో కొనోలీ పాల్గొని గాయపడెను. నిలువలేని ఆయనను కుర్చీకి కట్టి, మే 12వ తేదీన తుపాకులతో కాల్చి చంపిరి. ఐరిష్ దేశభక్తులతో సంబంధము కలవాడను అనుమానము గిరి మీదను పడుటచే, ఆ యేడే ఆయన ఐర్లండు విడువవలసి వచ్చెను. బండి చక్రమును ఆపగలవాడే ప్రభుత్వముచేత మాట వినిపించుకొనగలడను పాఠమును ఆయన డబ్లిను వీధులలో నేర్చెను. బారిష్టరు చదువు అందుకు తోడైనది.

స్వదేశమునకు వచ్చి న్యాయవాద వృత్తి ప్రారంభించెను, సహాయనిరాకరణోద్యమములో చేరెను, 1922లో సారా దుకాణముల వ్యతిరేకోద్యమమున చెరసాలకు పోయెను. ఆ తరువాత బెంగాల్-నాగపూర్ రైల్వే కార్మికుల నడుమ నిలిచెను. ఈ రైల్వేను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. హౌరా నుండి వాల్తేరు వరకు సాగిన ఆ మార్గము బరంపురము మీదుగనే పోవును. దాని పెద్ద వర్కుషాపు ఖరగపూరులో నుండెను. మన ఉత్తరకోస్తా జిల్లాల నుండి అక్కడికి పొట్ట చేతబట్టుకొని పోయిన తెలుగు కుటుంబములు వేనవేలు. తెలుగు, బెంగాలీ, ఒరియా, హిందీ మాటలాడువారు ఒకే షెడ్డులో సుత్తి పట్టిరి. వీరందరిని ఒక చందా పుస్తకములోనికి తెచ్చుట సభలో ఉపన్యసించుటవంటి సులభకార్యము కాదు. గుమాస్తాకు కూలీతో కూర్చుండుట నామోషీ; ఒక భాషవాని మీద మరియొక భాషవానికి అనుమానము; ఫోర్మను కంటబడినచో ఉద్యోగమునకే ముప్పు. ఈ చిక్కులను ఒకటొకటిగా విప్పుటయే సంఘనిర్మాణము.

1927లో ఉద్యోగుల తగ్గింపు సమస్యపై ఖరగపూరు అట్టుడికినట్లు ఉడికెను. వర్కుషాపు ఆగినచో ఇంజనుల మరమ్మతు ఆగును. మరమ్మతు ఆగినచో కొలదివారములలో బొగ్గు, ధాన్యము, తపాలా అన్నియు ఆగును. ఇదియే రైల్వే కార్మికుని బలము. గిరి నాయకత్వమున ఈ కార్మికులు సాగించిన పోరాటము శాంతియుతమైన సమ్మెగా కార్మికోద్యమ చరిత్రలో నిలిచినది. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షుడైన ఆయన, 1927లో జెనీవా అంతర్జాతీయ కార్మిక సమావేశమునకు భారత శ్రామిక ప్రతినిధిగా వెళ్లెను. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య స్థాపకులలో ఆయన యొకడు. దానికి చిరకాలము ప్రధాన కార్యదర్శి. 1931లో రెండవ రౌండు టేబులు సమావేశమున కార్మికుల తరపున కూర్చుండెను.

1937 ఎన్నికలలో బొబ్బిలి రాజావారిని ఓడించుట మన ప్రాంతమున నేటికిని కథగా చెప్పుకొందురు. జమీందారు, అందునా మద్రాసు రాజధాని ముఖ్యమంత్రి, తన కోటలోనే ఓడిపోయెను! పిమ్మట గిరి రాజాజీ మంత్రివర్గములో కార్మిక, పరిశ్రమల మంత్రియయ్యెను. క్విట్ ఇండియా ఉద్యమమున మరల జైలు. 1946లో ప్రకాశం మంత్రివర్గమున మరల కార్మిక శాఖ. స్వాతంత్ర్యానంతరము సింహళమున భారత హైకమీషనరు పదవి.

1952లో నెహ్రూ ప్రభుత్వమున ఆయన కార్మిక మంత్రి కాగా, పాత ప్రశ్న క్రొత్త రూపమున ఎదురయ్యెను. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము ప్రకారము వివాదమును ట్రిబ్యునలునకు పంపు అధికారము ప్రభుత్వమునది. ఒకసారి పంపిన పిదప తీర్పు వచ్చువరకు సమ్మె నిషిద్ధము. నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు గడచును. అంతవరకు కార్మికునకు చేయవలసిన పని లేదు, వకీలునకే పని. సభలకు ఎవరును రారు, చందా కట్టరు, నాయకుడు కోర్టు వరండాలో నిలుచును. గెలిచినను అది ప్రభుత్వము దయచేసినట్లు తోచును. స్వయముగా ప్లీడరైన గిరి ఈ పద్ధతిని కార్మికోద్యమమునకు శత్రువుగా నెంచెను. యజమానియు, బలమైన యూనియనును ముఖాముఖి కూర్చుండి ఒప్పందము చేసికొనవలెను; ప్రభుత్వము దూరముగా నుండవలెను. ఇదియే గిరి మార్గమని పేరుపొందినది.

ఆశ్చర్యమేమన, దీనిని ఎదిరించినవారిలో యజమానులే గాక రాష్ట్ర ప్రభుత్వములును, కాంగ్రెసు పక్షపు కార్మిక సంఘమగు ఐ.ఎన్.టి.యు.సి.యును గలవు. బలములేని చోట ముఖాముఖి బేరమనగా మేక పులితో బేరమాడుట యని వారి వాదము. ఇది కొట్టివేయదగినది కాదు. ఇంటివద్ద బీడీలు చుట్టు స్త్రీ గుత్తదారుతో ఏమి బేరమాడగలదు? గిరి వాదమునకు ఇచ్చట లోటు కలదనియే నా యభిప్రాయము. అంతేగాక 1926 చట్టము ప్రకారము ఏడుగురు చేరిన యూనియను నమోదు కావచ్చును. దానిని గుర్తింపవలెనను నిర్బంధము మాత్రము యజమానికి లేకుండెను. ఒకే ఫ్యాక్టరీలో నాలుగు జెండాలు లేచిన పిదప బేరమాడునదెవ్వరు? ఈ ప్రశ్నను 2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబరులో అమలునకు వచ్చిన పారిశ్రామిక సంబంధముల కోడు చేపట్టినది: 51 శాతము సభ్యత్వము గల సంఘమే ఏకైక సంప్రదింపుల సంఘము. కాని అదే కోడు పరిశ్రమలన్నిటను సమ్మెకు 14 దినముల ముందు నోటీసు విధించినది. కుడిచేత నిచ్చి ఎడమచేత తీసికొనుటవలె నున్నది.

గిరి తన మార్గమును చట్టము చేయజాలకపోయెను. ఇంతలో బ్యాంకు ఉద్యోగుల వివాదము వచ్చెను. అప్పీలు ట్రిబ్యునలు తీర్పు నిచ్చెను. 1954లో ప్రభుత్వము దానిని ఉద్యోగులకు నష్టము కలుగునట్లు సవరించెను. మంత్రిగా తాను అంగీకరింపజాలని ఆ నిర్ణయమునకు బాధ్యత వహింపక గిరి రాజీనామా చేసెను. ట్రిబ్యునళ్ల పద్ధతిని నిరసించినవాడు ట్రిబ్యునలు తీర్పు కొరకే పదవి వదలెనని హాస్యమాడవచ్చును. అయినను సమ్మె హక్కును బిగించి, తీర్పును గూడ మార్చినచో కార్మికునకు మిగులునదేమి?

1957లో పార్వతీపురమునుండి లోక్‌సభకు పోటీచేసి ఓడిపోయెను. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గము. రెండు స్థానములును గిరిజన అభ్యర్థులకే దక్కెను. గిరి వ్యాజ్యమాడెను. సాధారణ స్థానమును గూడ గిరిజనుడు గెలుచుకొనవచ్చునని 1959లో సుప్రీంకోర్టు తేల్చెను. బలహీనుల పక్షమున జీవితము గడపినవానికి ఈ వ్యాజ్యము శోభ కూర్చలేదు. తరువాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరు పదవులు, ఉపరాష్ట్రపతి పదవి వరుసగా వచ్చెను. 1969లో స్వతంత్రుడుగా నిలిచి, మరియొక తెలుగువాడగు నీలం సంజీవరెడ్డిపై రెండవ ప్రాధాన్య ఓట్ల లెక్కింపుతో రాష్ట్రపతి యయ్యెను.

1974 మే 8వ తేదీన దేశమంతట రైళ్లు ఆగెను. సమ్మెకు పిలుపునిచ్చినవారిలో ముఖ్యమైనది అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య. యౌవనమున గిరి పెంచిన సంఘమది. సుమారు 17 లక్షలమంది పాల్గొనిరని అంచనా. నాయకుడు జార్జి ఫెర్నాండెజు అంతకు ముందే నిర్బంధితుడు. వేలాది కార్మికులను జైళ్లలో నుంచిరి. ఎందరినో ఉద్యోగములనుండి తొలగించిరి. రైల్వే క్వార్టర్లనుండి కుటుంబములను వెడలగొట్టిరి. ముఖాముఖి బేరము సాగలేదు. మే 27వ తేదీన సమ్మె విరమించిరి. ఆ దినములలో రాష్ట్రపతి భవనమున నున్నది గిరియే. మంత్రివర్గ సలహాపై నడుచుకొనుట రాజ్యాంగధర్మము. ఇరువది యేండ్ల క్రిందట మంత్రిగా విడిచినట్లు ఈ పదవిని ఆయన విడువలేదు.

ఆగస్టులో పదవీకాలము ముగిసెను. 1975లో భారతరత్న బిరుదము వచ్చెను. 1980 జూన్ 24వ తేదీన మద్రాసులో ఆయన మరణించెను. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో గిరి పేరు పెట్టిరి.