త్రాసును నమ్మిన లావోయిజర్

పదో తరగతిలో రసాయన సమీకరణాలను తుల్యం చేయించే ముందు మేం లావోయిజర్ కథ చెబుతాం. లేకపోతే పిల్లలకు అది ఉత్త అంకెల ఆటగానే మిగిలిపోతుంది.

ఆయన 1743లో పారిస్‌లో పుట్టారు. న్యాయశాస్త్రం చదివి, విజ్ఞానశాస్త్రం వైపు తిరిగారు. నీటిని కాచగా కాచగా మట్టిగా మారుతుందని అప్పట్లో చాలామంది నమ్మేవారు. పాత్ర అడుగున పొడి కనిపించేది మరి! లావోయిజర్ మూసిన గాజుపాత్రలో నీటిని 101 రోజులు కాచారు. మొత్తం బరువు మారలేదు. పాత్రను విడిగా తూస్తే మాత్రం తగ్గింది. ఆ పొడి గాజు నుంచి వచ్చిందన్నమాట.

రాజు తరఫున పన్నులు వసూలుచేసే సంస్థలో ఆయన వాటాదారు. జమాఖర్చుల చూపు రసాయనశాస్త్రంలోనూ పనికొచ్చింది. 1789లో వెలువడిన తన గ్రంథంలో, ద్రాక్షరసం పులియడాన్ని బీజగణిత సమీకరణంలా చూపారు: ఒకవైపు రసం, మరోవైపు ఆల్కహాలు, కార్బన్ డై ఆక్సైడ్. ఒకదాని బరువు తెలియకపోతే మిగతావాటి నుంచి లెక్కగట్టవచ్చు. ఆయన అంకెల్లో కొన్ని తర్వాత తప్పని తేలాయి. అయినా సమీకరణం నిలిచింది. ఎందుకంటే రెండువైపులా సమానమని ఆయన ముందే ఒప్పుకొని, ఆ తర్వాతే తూచారు. అలా ముందే ఒప్పుకోవచ్చా అని మా పిల్లలు ఇక్కడ వాదనకు దిగుతారు. మేం ఆపం.

ఖరీదైన త్రాసులు కొనిపెట్టిన ఆ పన్నుల ఆదాయమే చివరికి ఆయన ప్రాణం మీదికి తెచ్చింది. ఫ్రెంచి విప్లవకాలంలో, 1794 మే 8న మామగారితో పాటు ఆయనకూ మరణశిక్ష అమలుచేశారు. గ్రంథంలోని పరికరాల బొమ్మలు గీసిన భార్య మేరీ ఆన్, ఆయన మిగిల్చిన వ్యాసాలను తర్వాత వెలుగులోకి తెచ్చారు.