ప్రాణనష్టానికి ఖరీదు కట్టిన నైటింగేల్

క్రిమియా యుద్ధకాలంలో దీపం చేతబట్టి క్షతగాత్రులను పరామర్శించిన సేవామూర్తిగా ఫ్లోరెన్స్ నైటింగేల్ లోకానికి సుపరిచితురాలు. ఒక్కసారైనా భారతదేశంలో కాలుమోపని ఆమె, ఇక్కడి మరణాలను ఏళ్ల తరబడి లెక్కించి, అవి ఖజానాకు ఎంత భారమో పాలకులకు వివరించిన సంగతి అంతగా ప్రచారంలో లేదు.

1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో సంపన్న ఆంగ్ల కుటుంబంలో ఆమె జన్మించారు. చిన్ననాటి నుంచి గణితంపై మక్కువ ఎక్కువ. 1854లో స్కుటారి సైనిక వైద్యశాలకు చేరాక, శత్రువు తూటాల కంటే అంటువ్యాధులే ఎక్కువ మంది సిపాయిలను బలిగొన్నాయన్న సత్యం ఆమెకు క్రమంగా బోధపడింది. లండన్ గణాంక సంఘం 1858లో ఆమెను సభ్యురాలిగా ఎన్నుకుంది. ఆ గౌరవం పొందిన తొలి మహిళ ఆమే. గణాంకవేత్త విలియం ఫార్ ఆమెకు కుడిభుజంగా నిలిచారు. మనిషి జీవితకాలంలో ఆర్జించగల మొత్తం నుంచి పోషణ వ్యయాన్ని తీసివేసి, అతని ఆర్థిక విలువను అంచనా వేసే పద్ధతిని 1853లోనే ప్రతిపాదించిన వ్యక్తి ఫార్.

1857 తిరుగుబాటు అనంతరం భారతదేశంలో బ్రిటిష్ సైనికుల సంఖ్య పెరిగింది. వారి ఆరోగ్య పరిస్థితిని విచారించేందుకు 1859లో రాయల్ కమిషన్ ఏర్పడింది. నైటింగేల్ అందులో సభ్యురాలు కారు. అయినా ప్రశ్నావళిని రూపొందించి కంటోన్మెంట్లకు పంపించిందీ, కట్టలు కట్టలుగా వచ్చిన జవాబులను పరిశీలించిందీ ఆమే. రెండు వేల పేజీలు దాటిన నివేదిక 1863లో వెలువడింది. యూరోపియన్ సిపాయిలలో ఏటా వెయ్యికి 69 మంది మరణిస్తున్నారని అది తేల్చింది. ఈ లెక్కన 70 వేల సైన్యంలో ఏడాదికి 4,830 మంది రాలిపోతారు. యుద్ధంలో పోయినవారు అందులో స్వల్పం. కలుషిత జలం, మురుగు పోయే దారిలేని ఇరుకు బ్యారక్‌లు, విచ్చలవిడి మద్యపానం మిగిలినవారిని కబళించాయి. చనిపోయిన ప్రతి సిపాయి స్థానంలో మరొకరిని చేర్చుకుని, శిక్షణ ఇచ్చి, ఓడలో ఇక్కడికి తరలించే ఖర్చును నైటింగేల్ ప్రభుత్వం ముందుంచారు. కరుణకు కరగని కార్యాలయాలు ఖర్చుకు కదిలాయి. 1864లో బెంగాల్, మద్రాసు, బొంబాయిలలో పారిశుద్ధ్య కమిషన్లు వెలిశాయి. పదేళ్లు గడిచేసరికి మరణాల రేటు వెయ్యికి 18కి దిగిందని, కొత్త సిపాయిల కోసం పెట్టే ధనం ఆదా అయిందని ఆమె ప్రకటించారు. ఆ తగ్గుదల యావత్తూ పారిశుద్ధ్య ఫలితమేనని చెప్పడం మాత్రం కష్టం.

అయితే ఈ లెక్కలో పెద్ద లోటు ఉంది. సిపాయి మరణిస్తే ఖజానాపై భారం పడుతుంది. రైతు మరణిస్తే అతని స్థానంలో మరొకరిని కొనితెచ్చే పని సర్కారుకు లేదు. కనుక అతని ప్రాణం ఏ పద్దులోనూ కనిపించదు. సైన్యంతో మొదలైన నైటింగేల్ కృషి 1870 దశకంలో రైతు వైపు మళ్లడం ఆమె జీవితంలో కీలక ఘట్టం. 1874లో ప్రచురించిన చిరు గ్రంథానికి నీటిపారుదలపై ఆమె అనుబంధం జోడించారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్టను పూర్తి చేసిన సర్ ఆర్థర్ కాటన్ వాదనను ఆమె గట్టిగా సమర్థించారు. కాలువల ప్రయోజనాన్ని నీటి పన్ను రాబడితోనే కొలిస్తే చాలదని, అవి నివారించే కరవును కూడా లెక్కలోకి తీసుకోవాలన్నది వారి వాదన సారాంశం. నీటిపారుదల పనుల వ్యయం, ఆదాయాల వివరాలు కోరుతూ ఇండియా వ్యవహారాల మంత్రి సాలిస్‌బరీని ఆమె పలుమార్లు అభ్యర్థించారు. ఇంతలో 1876-78 మహాక్షామం దక్షిణాదిని కబళించింది. మృతులు 50, 60 లక్షలు ఉంటారని 1878లో రాసిన వ్యాసంలో ఆమె అంచనా కట్టారు.

వృద్ధాప్యంలో ఆమె దృష్టి గ్రామాలపై నిలిచింది. గ్రామస్తులు చెల్లించే సెస్సు నుంచి ముందుగా ఆ గ్రామ పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలని 1890 దశకంలో ప్రభుత్వాన్ని కోరారు. ప్రజల అలవాట్లను, అభీష్టాలను తెలుసుకోకుండా పైనుంచి ఆజ్ఞలు జారీ చేస్తే ఫలితం ఉండదని, వారి భాషలో, వారి ముంగిటే నచ్చజెప్పాలని 1896లో రాసిన వ్యాసంలో సూచించారు. సెస్సుపై ఆమె కోరిన ప్రాధాన్యం మాత్రం దక్కలేదు.

1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ పురస్కారం ఆమెను వరించింది. అప్పటికే చూపు మందగించింది. 1910 ఆగస్టు 13న లండన్‌లో కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఖననానికి ప్రతిపాదన వచ్చినా బంధువులు అంగీకరించలేదు. హాంప్‌షైర్‌లోని ఈస్ట్ వెల్లో చర్చి ఆవరణలో, కుటుంబ సమాధుల సరసన ఆమెను ఖననం చేశారు.