వెనక వరుస నుంచి ముందుకు: గిటార్‌కు గొంతు తెచ్చిన చార్లీ క్రిస్టియన్

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు మన పల్లెల్లో గిటార్ కొత్త వస్తువేమీ కాదు. చర్చిలో ఆదివారం పాటకు, కాలేజీ వార్షికోత్సవానికి, ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతి సభకు ఎవరో ఒక తమ్ముడు, ఎవరో ఒక చెల్లి గిటార్ పట్టుకుని వస్తూనే ఉన్నారు. చిక్కల్లా ఒక్కటే. పక్కన పలక మోగిందంటే గిటార్ వినపడదు. మైకు దగ్గర పెడితే కుయ్యిమని కూత పెడుతుంది. అందుకే ఎలక్ట్రిక్ గిటార్ కొనాలనుకునే పిల్లలు, అందులోనూ సెమీ హాలో రకం మంచిదా అని అడిగే పిల్లలు ఇప్పుడు ఎక్కువయ్యారు.

దుకాణంలో దీనికి ధరల పట్టీ చూపించి జవాబు చెబుతారు. మేము ఒక మనిషి బతుకు చెప్పి జవాబు చెప్పాలనుకుంటున్నాం. ఆ మనిషి పాతికేళ్లే బతికాడు. క్షయతో చనిపోయాడు. ఆరోగ్యవరం పేరు తెలిసిన మదనపల్లె వాళ్లకు ఆ చావు అర్థం తెలుసు. అతని పేరు చార్లీ క్రిస్టియన్.

ఊరి అవతలి ఊరు

చార్లీ 1916 జూలై 29న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, బోనమ్ పట్టణంలో పుట్టాడు. బాబాసాహెబ్ అంబేడ్కర్ న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం చదువు ముగించుకుని లండన్ వెళ్లింది కూడా ఆ ఏడాదే. చార్లీది పాటగాళ్ల కుటుంబం. తండ్రికి జబ్బు చేసి చూపు పోయింది. పిల్లవాడు చిన్నగా ఉండగానే కుటుంబం పొరుగు రాష్ట్రంలోని ఓక్లహోమా సిటీకి వలస వెళ్లింది.

ఓక్లహోమా 1907లో రాష్ట్రమైంది. అక్కడి శాసనసభ మొదట చేసిన పనుల్లో ఒకటి, రైళ్లలో నల్లజాతివారికి వేరే పెట్టెలు పెట్టే చట్టం. బడి వేరు, పేట వేరు, కూర్చునే చోటు వేరు. చార్లీకి ఇంకా ఐదేళ్లు నిండకముందే, 1921లో, అదే రాష్ట్రంలోని టల్సా నగరంలో తెల్లజాతి మూకలు గ్రీన్‌వుడ్ అనే నల్లజాతి పేటను తగలబెట్టాయి. కారంచేడు, చుండూరు తెలిసిన మనకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. కులమూ జాతి వివక్షా ఒకటి కావు. కానీ నువ్వు ఉండాల్సిన చోటు ఇదీ అని ఇంకొకడు గీసే గీత మాత్రం రెండిట్లోనూ ఉంది.

ఆ గీత దాటి అంధుడైన తండ్రీ కొడుకులూ డబ్బున్నవాళ్ల వీధుల్లోకి వెళ్లి పాడేవారు. ఇచ్చింది తీసుకుని తిరిగి వచ్చేవారు. మొదట్లో చార్లీ పని నాట్యం చేయడం. కొంచెం పెద్దయ్యాక వాయిద్యం పట్టాడు. తండ్రి పోయినప్పుడు ఆయన వాయిద్యాలు చార్లీకి దక్కాయి.

చుట్టల పెట్టెతో చేసిన గిటార్

చార్లీ చదివిన డగ్లస్ స్కూల్ నల్లజాతి పిల్లల బడి. బానిసత్వం నుంచి తప్పించుకుని, బానిసత్వంపైనే పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ పేరు దానిది. అక్కడ జీలియా బ్రో అనే సంగీతం టీచరమ్మ ఉండేది. వసతులు లేని బడిలో పిల్లలకు బ్యాండు నేర్పి, ఊరి మొత్తానికి పేరు తెచ్చిన మనిషి. చార్లీ సాక్సోఫోన్ కావాలన్నాడు. ఆమె ట్రంపెట్ తీసుకోమంది. అతనికి నచ్చక బ్యాండు వదిలి బేస్‌బాల్ ఆటలో పడ్డాడు.

అదే బడిలో, అతనికంటే కొంచెం ముందు, రాల్ఫ్ ఎలిసన్ చదివాడు. తర్వాత ‘ఇన్విజిబుల్ మ్యాన్’ నవల రాసింది ఆయనే. చార్లీ చేతిపనుల తరగతిలో చుట్టల పెట్టెలతో గిటార్లు తయారుచేసి వాయించేవాడని ఎలిసన్ ఒక వ్యాసంలో గుర్తుచేసుకున్నాడు. చచ్చిన గొడ్డు తోలు పలకగా మారి మోగడం చూసిన మనకు ఇది వింత కాదు. చేతిలో ఏది ఉంటే దాన్ని వాయిద్యం చేసుకోవడం అణగారిన పేటలన్నిటికీ తెలిసిన విద్య.

కుర్రాడు డీప్ డ్యూస్ అని పిలిచే సెకండ్ స్ట్రీట్‌లో, నల్లజాతివాళ్ల దుకాణాలూ నాట్యశాలలూ ఉన్న వీధిలో, పెద్దవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. అన్న ఎడ్వర్డ్ అప్పటికే అక్కడ పియానో వాయించేవాడు.

వినపడని వాయిద్యం

1930ల బ్యాండుల్లో గిటార్ స్థానం వెనక వరుస. ట్రంపెట్లు, సాక్సోఫోన్లు, డ్రమ్ముల హోరులో దాని చప్పుడు మునిగిపోయేది. తాళానికి దన్నుగా తీగెలు మీటుతూ కూర్చోవడమే గిటారిస్టు పని. ముందుకొచ్చి సొంతంగా ఒక మాట పలికే అవకాశం లేదు. వాయించేవాడికి చేతకాక కాదు, వాయిద్యానికి గొంతు చాలక.

1936లో గిబ్సన్ కంపెనీ ఈఎస్-150 అనే గిటార్ అమ్మకానికి తెచ్చింది. ఈఎస్ అంటే ఎలక్ట్రిక్ స్పానిష్. లోపల పూర్తిగా బోలుగా ఉండే చెక్క గిటార్ అది. తీగెల కింద అయస్కాంతాలతో ఒక పికప్. ఉక్కు తీగె కదిలితే పికప్ చుట్టలో చిన్న విద్యుత్ సంకేతం పుడుతుంది, యాంప్ దాన్ని పెద్దది చేస్తుంది. గిటారూ యాంపూ తీగా కలిపి సుమారు 150 డాలర్లు. ఆ రోజుల్లో చార్లీ రాత్రికి రెండున్నర డాలర్లకు వాయించేవాడని చెబుతారు. అంటే ఒక్క పైసా తినకుండా దాచినా 60 రాత్రుల కూలి.

అయినా ఎంచుకున్నాడు. చూడటానికి బాగుందని కాదు, కొత్త ఫ్యాషన్ అనీ కాదు. తన మాట వెనక వరుస దాటి వినపడాలని. వాయించే పద్ధతినీ దానికి తగ్గట్టే మార్చుకున్నాడు. గుత్తులుగా తీగెలు మీటడం తగ్గించి, సాక్సోఫోన్ పలికినట్టు ఒక్కొక్క స్వరంతో పొడుగాటి వాక్యాలు పలికించాడు. బడిలో దక్కని సాక్సోఫోన్‌ను గిటార్‌లో వెతుక్కున్నాడని మాకనిపిస్తుంది.

పెద్ద వేదిక మీద

అతని సంగతి మేరీ లూ విలియమ్స్ అనే గొప్ప పియానో కళాకారిణి ద్వారా జాన్ హామండ్ అనే సంగీత నిర్మాత చెవిన పడింది. 1939 ఆగస్టులో హామండ్ అతన్ని లాస్ ఏంజిలిస్ దగ్గర బెవర్లీ హిల్స్‌కు, బెన్నీ గుడ్‌మన్ దగ్గరికి పంపాడు. గుడ్‌మన్ పేద యూదు వలస కుటుంబంలో పుట్టి దేశమంతా పేరున్న బ్యాండు నాయకుడయ్యాడు. నల్లజాతి కళాకారులను తనతోపాటు వేదిక ఎక్కించిన తొలి పెద్ద నాయకుల్లో ఒకడు. అలాంటి గుడ్‌మన్ కూడా ఎలక్ట్రిక్ గిటార్ అంటే మొదట ఆసక్తి చూపలేదు. హామండ్ సాయంత్రం విరామంలో యాంప్‌తో సహా చార్లీని వేదిక మీదికి చేర్చేశాడు. ఈ కుర్రాడికి రాదులే అనుకుని గుడ్‌మన్ ‘రోజ్ రూమ్’ అనే పాట ఎత్తుకున్నాడట. చార్లీ చుట్టు మీద చుట్టు కొత్తగా వాయిస్తూ పోయాడు. ఆ ఒక్క పాట 40 నిమిషాలకు పైగా సాగిందని సంగీత చరిత్రలో చెప్పుకుంటారు.

ఆ తర్వాత అతని జీతం వారానికి 150 డాలర్లు. ఆరు పదుల రాత్రుల కూలి ఒక్క వారంలో. ఆ ఏడాది డిసెంబరులో డౌన్‌బీట్ పత్రికలో అతని పేరుతో ఒక వ్యాసం వచ్చింది. గిటారిస్టులంతా మేల్కోవాలని, ఎలక్ట్రిక్ గిటార్ తమకు కొత్త బతుకు ఇచ్చిందని దాని సారాంశం. 1941 మార్చిలో గుడ్‌మన్ బ్యాండుతో ‘సోలో ఫ్లైట్’ రికార్డు చేశాడు. అందులో గిటార్ ముందు, బ్యాండు వెనక. వరుస తిరగబడింది.

బ్యాండు పని ముగిశాక రాత్రిళ్లు హార్లెమ్‌లో 118వ వీధిలోని మింటన్స్ ప్లేహౌస్‌కు వెళ్లేవాడు. అంబేడ్కర్ చదివిన కొలంబియా నుంచి నడిచి వెళ్లేంత దూరమే అది. అక్కడ థెలోనియస్ మంక్, కెన్నీ క్లార్క్ లాంటి వాళ్లతో తెల్లవార్లూ వాయించేవాడు. తర్వాత బీబాప్ అని పేరు పడిన కొత్త సంగీతానికి పునాది పడిన చోట్లలో అది ముఖ్యమైనది.

ఊపిరితిత్తులు

క్షయ మాత్రం అతన్ని వదల్లేదు. 1940లోనే ఆస్పత్రి పాలయ్యాడు. కోలుకుని మళ్లీ ఊరూరా తిరిగాడు. 1941 మధ్యలో మళ్లీ పడిపోయాడు. న్యూయార్క్‌లో స్టాటెన్ ఐలాండ్‌లోని సీవ్యూ క్షయ ఆస్పత్రిలో చేర్చారు. 1942 మార్చి 2న అక్కడే చనిపోయాడు. 25 ఏళ్లు.

ఆ ఆస్పత్రి గురించి కూడా చెప్పాలి. అంటుకుంటుందన్న భయంతో తెల్ల నర్సులు ఉద్యోగాలు వదిలేస్తుంటే, 1929 నుంచి దక్షిణాది రాష్ట్రాల నల్లజాతి నర్సులను రప్పించి ఆ పని అప్పజెప్పారు. ఎవరూ చేయని పనికి ఎవరిని పిలుస్తారో మనకు తెలుసు. వాళ్లు ప్రాణాలకు తెగించి చేశారు. 1950ల మొదట్లో ఐసోనియాజిడ్ మందును మొదట పరీక్షించిన చోట్లలో సీవ్యూ ఒకటి. చార్లీకి అది అందలేదు. స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నది సైతం అతను పోయిన మరుసటి ఏడాది, 1943లో.

ఆ కాలంలోనే మన మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో మిషన్ల క్షయ ఆస్పత్రి నడుస్తోంది. డెన్మార్క్ నుంచి వచ్చిన ఫ్రిమాట్-మోలర్ దాని తొలి పెద్ద డాక్టరు. 1950 నుంచి 1955 వరకు మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో జరిపిన క్షయ అధ్యయనం ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికకెక్కింది. మందు దొరికి ఇన్నేళ్లయినా ఇరుకు ఇళ్లూ, చాలని తిండీ, రాతి క్వారీల దుమ్మూ ఉన్నచోట క్షయ ఇంకా ఉంది. పాడే గొంతుకు ఊపిరితిత్తులు కావాలి. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే సర్కారు ఆస్పత్రిలో పరీక్ష చేయించుకోవాలి. అక్కడ మందులు ఉచితం.

ఇక గిటార్ సంగతి

చార్లీ వాయించిన పూర్తి బోలు గిటార్లకు ఒక లోపం ఉంది. యాంప్ పెంచితే స్పీకర్ చప్పుడుకు గిటార్ పైచెక్క అదురుతుంది. ఆ అదురు తీగెలకు, తీగెల నుంచి పికప్‌కు, మళ్లీ స్పీకర్‌కు చేరి కూతగా మారుతుంది. 1958లో గిబ్సన్ ఈఎస్-335 దీనికి విరుగుడుగా వచ్చింది. సన్నటి ఒళ్లు, రెండు పక్కలా బోలు, నడుమ మెడ నుంచి అడుగు దాకా గట్టి మేపుల్ దిమ్మె. ఇదే సెమీ హాలో. బోలు గిటార్ మెత్తదనం కొంత, గట్టి గిటార్ నిలకడ కొంత. చార్లీ పోయి అప్పటికి 16 ఏళ్లు.

కొనేవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి కొన్ని. పైచెక్కలోని ఎఫ్ ఆకారపు రంధ్రంలోకి ఫోన్ లైటు వేసి చూడండి. నడుమ చెక్క గోడ కనపడితే అది సెమీ హాలో. చూపు అవతలి దాకా పోతే పూర్తి బోలు. ఈఎస్-330 పైకి 335 లాగే ఉంటుంది, లోపల ఆ దిమ్మె ఉండదు. తర్వాత, సభలో వాడేంత చప్పుడు పెట్టి, యాంప్‌కు ఎదురుగా నిలబడి పరీక్షించండి. దుకాణంలో మెల్లగా మీటి చూస్తే ఏమీ తెలియదు. డబ్బంతా గిటార్‌కే పెట్టకండి. 1936లోనే గిటారూ యాంపూ కలిపి అమ్మింది ఊరికే కాదు. గిబ్సన్ పేరే ఉండాలని లేదు. ఎపిఫోన్, ఐబనెజ్ కంపెనీలు తక్కువ ధరలో సెమీ హాలోలు చేస్తున్నాయి. పలకల పక్కన అప్పటికీ కూత వస్తే, ఎఫ్ రంధ్రాల్లో గుడ్డ కుక్కండి. మిసిసిపి పత్తి చేలలో పనిచేసి, చార్లీని విని నేర్చుకుని ప్రపంచానికి బ్లూస్ రారాజైన బి.బి. కింగ్ చేసింది అదే.

సమాధి మీద పేరు

ఈఎస్-150 పికప్‌ను ఈనాటికీ చార్లీ క్రిస్టియన్ పికప్ అనే పిలుస్తారు. ఆ పేరుతో నకళ్లు చేసి అమ్ముతున్నారు. అతన్ని మాత్రం బోనమ్‌లో పేరు రాయి లేని గోతిలో పూడ్చారు. శిలాఫలకం 1994లో పెట్టారు. 52 ఏళ్ల తర్వాత.

మన పలక కళాకారుల సంగతి ఇంతకంటే మెరుగా? ఊరి జాతరకూ, చావుకూ, నాయకుడి ఊరేగింపుకూ వాళ్లు కావాలి. కరపత్రంలో వాళ్ల పేరు ఉండదు. వేదిక మీద కుర్చీ ఉండదు.

అందుకే మేము చెప్పే జవాబు ఇది. మీ మాట వినిపించే గిటార్ ఏదైతే అదే మంచి గిటార్. అది కొనండి. ఈసారి జయంతి సభలో దాన్ని పలక పక్కన, ముందు వరుసలో పెట్టండి. వాయించేవాళ్లందరి పేర్లూ కరపత్రంలో వేయండి. వాళ్లు బతికి ఉండగానే వేయండి.