పక్కన కూర్చున్నవాడు: డగ్ నికోల్స్ కథ

ఆస్ట్రేలియా అనగానే మనకి గుర్తొచ్చేది క్రికెట్. బాక్సింగ్ డే టెస్టు కోసం తెల్లారకముందే లేచి, దుప్పటి కప్పుకుని టీవీ ముందు కూర్చున్నవాళ్లం మనలో చాలామందే ఉంటాం. అయితే ఆ మెల్‌బోర్న్ గ్రౌండ్‌లోనే చలికాలమంతా ఇంకో ఆట నడుస్తుంది. అసలు పేరు ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్, అక్కడివాళ్ల ముద్దుపేరు ఫుటీ.

జట్టుకి పద్దెనిమిది మంది. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. మైదానం రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. మధ్య సందులోంచి తంతే ఆరు పాయింట్లు, పక్క సందులోంచి వెళ్తే ఒక్కటే. బంతిని విసరకూడదు. కాలితో తన్నాలి, లేదా ఒక చేతిలో పట్టుకుని ఇంకో చేతి పిడికిలితో గుద్ది అందించాలి. బంతితో పరిగెత్తేవాడు మధ్యమధ్యలో దాన్ని నేలకి కొట్టి పట్టుకోవాలి. మైదానం నడిమి భాగంలో రెండు అంచుల వెంబడి ఆడేవాళ్లని వింగ్ ఆటగాళ్లంటారు. వెనకనుంచి ముందుకి బంతిని మోసుకెళ్లే పని వీళ్లది. కాళ్లలో వేగం లేకపోతే అక్కడ నిలబడలేరు.

అలాంటి ఒక వింగ్ ఆటగాడి కథ ఇది. పేరు డగ్లస్ నికోల్స్. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. మనలో చాలామందికంటే పొట్టి.

డగ్ 1906 డిసెంబర్ 9న న్యూ సౌత్ వేల్స్‌లో, మర్రే నది ఒడ్డున ఉన్న కమరగంజ అనే రిజర్వులో పుట్టాడు. రిజర్వు అంటే ఆదివాసులను ప్రభుత్వం తన అదుపులో ఉంచిన చోటు. వీళ్లది యోర్టా యోర్టా జాతి. ఆ నేల తరతరాలుగా వాళ్లదే. కానీ అక్కడ ఎవరుండాలో, ఎవరు వెళ్లిపోవాలో తేల్చేది మాత్రం సర్కారు నియమించిన మేనేజరు. డగ్‌కి ఎనిమిదేళ్లప్పుడు పోలీసులొచ్చి వాళ్లక్క హిల్డాను ఎత్తుకెళ్లారు. ఆదివాసి ఆడపిల్లలకి ఇంటిపని నేర్పించి పనిమనుషులుగా పంపే కూటమండ్రా హోమ్‌లో చేర్చారు. ఆ పిల్ల చేసిన తప్పేమీ లేదు. చట్టమే అలా ఉండేది.

ఆ ఊరి బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు థామస్ షాడ్రాక్ జేమ్స్. మారిషస్‌లో భారతీయ తల్లిదండ్రులకి పుట్టి, ఆస్ట్రేలియా వచ్చి, ఆదివాసి అమ్మాయిని పెళ్లి చేసుకుని అక్కడే స్థిరపడిపోయిన మనిషి. తర్వాతి కాలంలో ఆదివాసి హక్కుల కోసం నిలబడ్డవాళ్లలో చాలామంది ఈయన శిష్యులే. డగ్ కూడా అక్కడే నాలుగు అక్షరాలు నేర్చుకున్నాడు. చదువు ఎక్కువ సాగలేదు. పదమూడు, పద్నాలుగేళ్లకే గొర్రెల ఫారాల్లో పనికి కుదిరాడు. ఉన్ని కత్తిరించేటప్పుడు గొర్రెకి గాయమైతే దానికి తారు పూయడం అతని పని. ఖాళీ దొరికితే ఫుటీ.

టోంగాలా అనే ఊరి జట్టులో ఆడుతుండగా అతని వేగం పదిమంది కంట్లో పడింది. 1927 సీజన్‌కి ముందు మెల్‌బోర్న్‌లోని పెద్ద క్లబ్బుల్లో ఒకటైన కార్ల్‌టన్‌కి ప్రాక్టీసుకి వెళ్లాడు. అక్కడ ఆటగాళ్ల ఒంటికి నూనె రాసి మర్దన చేసే ట్రైనర్లుంటారు. అతని ఒంటిమీద చెయ్యి వెయ్యడానికి వాళ్లు ఒప్పుకోలేదు. నల్లవాడి దగ్గర వాసనొస్తుందని జట్టులోనే గొణుగుడు మొదలైంది. ఆటలో వంక పెట్టే వీల్లేక ఒంటికి పెట్టారన్నమాట. డగ్ సంచీ సర్దుకుని బయటికొచ్చేశాడు.

ఒక మెట్టు కింది పోటీలో ఆడే నార్త్‌కోట్ క్లబ్ అతన్ని తీసుకుంది. అక్కడ అయిదు సీజన్లు ఆడాడు. 1929లో నార్త్‌కోట్ ఛాంపియన్ అయింది. అదే ఏడాది నయా, వారక్‌నబీల్ ఊళ్లలో జరిగే గిఫ్ట్ పరుగు పందేలు రెండూ గెలిచాడు. ఈ పందేల్లో నెమ్మదిగా పరిగెత్తేవాళ్లని కాస్త ముందు నిలబెడతారు, వేగంగా పరిగెత్తేవాళ్లని వెనక్కి. గెలిస్తే డబ్బులొస్తాయి. ఆ రోజుల్లో ఫుటీ ఒక్కటే నమ్ముకుంటే ఇల్లు గడవదు. 1930లో లీగ్ పెట్టిన రూలు ప్రకారం ఆటగాడికి మ్యాచ్‌కి మూడు పౌండ్లకి మించి ఇవ్వకూడదు. పైగా దేశమంతా ఆర్థిక మాంద్యం. అందుకే డగ్ ఊరూరా తిరిగే జిమ్మీ షార్మన్ బాక్సింగ్ డేరాలో కూడా చేరి దెబ్బలు కొట్టాడు, తిన్నాడు.

1932లో ఫిట్జ్‌రాయ్ క్లబ్ పిలిచింది. కార్ల్‌టన్ ఆడే పెద్ద లీగే. మళ్లీ ఒక డ్రెస్సింగ్ రూమ్. డగ్ లోపలికెళ్లి, ఎవరికీ అడ్డం లేకుండా ఒక మూల కూర్చుని బట్టలు మార్చుకోవడం మొదలుపెట్టాడు. కార్ల్‌టన్ అనుభవం ఇంకా మర్చిపోలేదు మరి.

అది హేడన్ బంటన్ చూశాడు. బంటన్ అంటే అప్పటికే స్టార్. లీగ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ 1931లో గెలిచాడు, తర్వాత 1932లో, 1935లో కూడా గెలుస్తాడు. అలాంటివాడు తన సామాను తీసుకుని, నడుచుకుంటూ వెళ్లి డగ్ పక్కన కూర్చున్నాడు. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. కానీ గదిలో ఉన్నవాళ్లందరికీ విషయం అర్థమైపోయింది. స్టార్ పక్కన కూర్చున్నవాణ్ని ఇంకెవరు దూరం పెడతారు?

ఫిట్జ్‌రాయ్‌కి డగ్ 1937 దాకా 54 మ్యాచ్‌లు ఆడాడు. 1935లో విక్టోరియా రాష్ట్ర జట్టుకి ఎంపికైన మొదటి ఆదివాసి అయ్యాడు. తర్వాత నార్త్‌కోట్‌కి తిరిగొచ్చాడు. మోకాళ్లు మొరాయించడంతో 1939లో ఆట ఆపేశాడు. లెక్కలు మాత్రమే చూస్తే ఇది మంచి కెరీర్, మహా కెరీర్ కాదు. అసలు సంగతి ఆ తర్వాతే ఉంది.

డగ్‌కి వరసకి మామయ్య విలియం కూపర్. జేమ్స్ మాస్టారికి బావమరిది. ఆదివాసులకి పార్లమెంటులో ప్రతినిధి కావాలని రాజుగారికి రాసిన అర్జీ మీద 1,814 సంతకాలు సేకరించిన ముసలాయన. ఆ అర్జీని ప్రభుత్వం రాజుగారి దాకా పంపనేలేదు. కూపర్ ఉద్యమంలోకి డగ్ కూడా వచ్చాడు. ఫుట్‌బాల్ ఆటగాడంటే వినడానికి జనం ఆగుతారు కదా. 1938 జనవరి 26న తెల్లవాళ్లు తమ రాకకి 150 ఏళ్లని పండగ చేసుకుంటుంటే, సిడ్నీలో ఆదివాసులు సంతాప దినం జరిపారు. డగ్ అక్కడున్నాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కమరగంజ జనం, మేనేజరు పెత్తనం భరించలేక, మూటాముల్లె సర్దుకుని నది దాటి విక్టోరియాలోకి వచ్చేశారు. వాళ్లలో కొందరు చివరికి ఫిట్జ్‌రాయ్ పేటకి చేరారు.

అప్పటికే ఆయన క్రైస్తవ ప్రచారకుడు. యుద్ధకాలంలో సైన్యంలోకి తీసుకుంటే, ఫిట్జ్‌రాయ్ పోలీసులే అడిగి మరీ 1942లో వెనక్కి రప్పించారు. ఒకప్పుడు పోలీసులు అక్కని ఎత్తుకెళ్లిన ఇంటి మనిషి, ఇప్పుడు పోలీసులకే కావలసినవాడయ్యాడు. తాగుడులో పడ్డవాళ్లు, కేసుల్లో ఇరుక్కున్నవాళ్లు, అద్దెకి గది దొరకనివాళ్లు, అందరి బాధ్యతా ఆయనదే. 1943లో గోర్ స్ట్రీట్‌లో ఆదివాసుల చర్చి మొదలైంది. అన్న హోవర్డ్ కారు ప్రమాదంలో పోతే, ముగ్గురు పిల్లలతో మిగిలిన వదిన గ్లాడిస్‌ని పెళ్లి చేసుకున్నారు. పల్లెల నుంచి నగరానికొచ్చే ఆదివాసి అమ్మాయిల కోసం ఆ దంపతులు హాస్టల్ నడిపారు. కొత్త ఊళ్లో మొదటి రాత్రి ఎలా ఉంటుందో ఫస్టియర్‌లో చేరినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

1963లో లేక్ టైర్స్ రిజర్వుని మూసేసి అక్కడి జనాన్ని చెదరగొట్టాలని చూసినప్పుడు, ఆయన ప్రభుత్వ సంక్షేమ బోర్డుకి రాజీనామా చేసి వీధిలోకొచ్చారు. 1965లో దాన్ని శాశ్వత రిజర్వుగా ప్రకటించక తప్పలేదు. 1967 రెఫరెండంలో ఆదివాసులను జనాభా లెక్కల్లో చేర్చాలని, వాళ్ల కోసం కేంద్రం చట్టాలు చేయొచ్చని 90 శాతానికి పైగా ఓటేశారు. ఆ ప్రచారంలోనూ ఆయన కాళ్లరిగేలా తిరిగారు.

1972లో సర్ బిరుదు. ఆదివాసుల్లో ఆయనే మొదటివారు. 1976 డిసెంబర్‌లో దక్షిణ ఆస్ట్రేలియా గవర్నర్. ఆ బిరుదులు పుచ్చుకున్నందుకు సొంత జనంలోనే కొందరు కుర్రాళ్లు ఆయన్ని మెతక మనిషి అన్నారు. వాళ్ల కోపంలోనూ న్యాయం లేకపోలేదు. ఎన్ని బిరుదులొచ్చినా పోయిన నేల తిరిగి రాలేదు. పక్షవాతం రావడంతో అయిదు నెలలకే గవర్నర్ పదవి వదిలేశారు. 1988 జూన్ 4న కన్నుమూశారు. మేనేజరు అనుమతి లేకుండా ఒకప్పుడు అడుగు వేయలేని ఆ కమరగంజలోనే ఆయన్ని సమాధి చేశారు.

2016 నుంచి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఏటా ఆదివాసుల గౌరవార్థం జరిగే రౌండ్‌కి ఆయన పేరే. ఆ రౌండ్‌లో క్లబ్బులన్నీ ఆదివాసి చిత్రాలున్న జెర్సీలు వేసుకుని దిగుతాయి. కార్ల్‌టన్ కూడా.

నాకు మాత్రం ఆ జెర్సీల కంటే ఎక్కువ గుర్తుండేది బంటన్ ఆ రోజు నడిచిన నాలుగడుగులే. దానికి ఆయనకి ఖర్చయింది ఏమీ లేదు. కానీ డగ్ ఆ తర్వాత యాభై ఏళ్లు చేసింది అదే పని: మూల కూర్చున్నవాళ్లని వెతుక్కుంటూ వెళ్లి పక్కన కూర్చోవడం. ఇంకో రెండు నెలల్లో మన మెస్‌లోకి కొత్త బ్యాచ్ వస్తుంది. చివరి టేబుల్ దగ్గర, ప్లేటులోకే చూస్తూ ఒంటరిగా తినేవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు.